సలహా ఒక్కటే చాలదు, కారణం కూడా చెప్పాలి

ఫోన్లలో, కంప్యూటర్లలో ఊళ్లో కుర్రాళ్లు ఆడే ఆటలన్నీ తుపాకీ కాల్పులూ, కార్ల పందేలూ కావు. ఒక ఫుట్‌బాల్ జట్టుకు పెత్తనం వహించి నడిపించే ఆట కూడా ఉంది. అందులో బంతిని తన్నే పని లేదు. ఎవరిని ఆడించాలి, ఎవరిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి, వారంలో ఏ రోజు ఏ సాధన చేయించాలి అన్నవి తేల్చడమే పని. మైదానంలో ఆట కంప్యూటరే ఆడిస్తుంది. గెలిస్తే పేరు, ఓడితే మాట మేనేజరుకు. పది ఎకరాల మిరప తోట ఒంటిచేత్తో అజమాయిషీ చేసే రైతుకు ఇందులోని కష్టం వెంటనే అర్థమవుతుంది.

ఇంగ్లండుకు చెందిన ఆలివర్ కాలియర్, పాల్ కాలియర్ అనే అన్నదమ్ములు ఈ ఆటను తయారుచేశారు. 1992లో 'చాంపియన్‌షిప్ మేనేజర్' పేరుతో వచ్చింది. 2004 నుంచి ఆ బృందం తయారుచేసే ఆట 'ఫుట్‌బాల్ మేనేజర్' పేరుతో వస్తోంది. ఇందులో నిజమైన ఆటగాళ్ల వివరాలు వేలకొద్దీ ఉంటాయి. 2008లో ఇంగ్లండులోని ఎవర్టన్ క్లబ్బు ఆ వివరాలను తాను వాడుకునేందుకు ఒప్పందం కుదుర్చుకుంది. కనుక దీన్ని ఉత్త పిల్లల ఆట అని తీసిపారేయడానికి లేదు.

వెనుక ఉండే మనుషులు

ఆటలో మేనేజరు ఒంటరివాడు కాడు. అతని చేతి కింద అసిస్టెంటు మేనేజరు ఉంటాడు. సాధన చేయించే కోచ్‌లు, కొత్త ఆటగాళ్లను వెతికే స్కౌట్లు, దెబ్బలు చూసే ఫిజియోలు, లెక్కలు కట్టే విశ్లేషకులు ఉంటారు. ఆటలో వీళ్లందరినీ నడిపించేది కంప్యూటరే. ఒక్కొక్కరి నేర్పుకు 20కి ఇన్ని అని మార్కులు ఉంటాయి. ఆటగాడి ఇప్పటి సత్తాను పోల్చడానికి ఒక మార్కు, ముందు ముందు ఎంత ఎదుగుతాడో పసిగట్టడానికి వేరొక మార్కు.

అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. పని అప్పగించేటప్పుడు చాలామంది ఈ మార్కులు చూడరు. మిరప కోతకు ముఠాను పిలిచే రైతు మేస్త్రి ఎలాంటివాడో నాలుగిళ్లలో వాకబు చేస్తాడు. మందు పిచికారీ చేసేవాడికి కాయల గ్రేడింగు పని అప్పగించడు. ఆటలో మాత్రం దొరికిన మనిషికి దొరికిన పని అంటగట్టి, తర్వాత సహాయకులు పనికిరారని విసుక్కుంటారు. కుర్రవాళ్లను పసిగట్టే నేర్పు ఉన్నవాడిని కుర్రవాళ్ల వెతుకులాటకే పంపాలి. క్రమశిక్షణలో మార్కులు తక్కువ ఉన్నవాడికి జట్టును అదుపులో పెట్టే పని ఇవ్వకూడదు. ఈ ఒక్క జాగ్రత్తతోనే సగం ఇబ్బంది తీరుతుంది.

మిగతా సగం ఆట తయారుచేసేవారి చేతిలో ఉంది. ఇటువంటి ఆటల్లో సహాయకులు చెప్పిందే చెబుతారన్నది ఆడేవారి పాత ఫిర్యాదు. ఫలానా ఆటగాడిని మార్చండి అంటారు. ఎందుకో చెప్పరు. పోయిన వారం తాము ఇచ్చిన సలహా వల్ల ఆట చెడిందన్న సంగతి వారికి గుర్తుండదు.

పత్తి చేలు నేర్పిన పాఠం

కారణం చెప్పని సలహా ఎంత పని చేస్తుందో ఈ ప్రాంతానికి ఒకరు చెప్పనక్కరలేదు. 1987-88 సీజనులో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేల మీద పురుగు విరుచుకుపడింది. మందు మీద మందు చల్లారు. శనగపచ్చ పురుగు చావలేదు. అప్పటికే అది సింథటిక్ పైరిత్రాయిడ్ మందులకు అలవాటు పడి, తట్టుకునే శక్తి తెచ్చుకుందని శాస్త్రవేత్తలు తేల్చారు. చాలామంది రైతులకు దగ్గరలో ఉన్న సలహాదారు మందుల దుకాణదారుడే. మందు పేరు చెప్పేవాడు ఉన్నాడు కాని, అది ఎందుకు పనిచేయడం లేదో విడమరిచి చెప్పేవాడు కరువయ్యాడు. పంట పోయి అప్పుల పాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు.

ఆటలో ఓడితే పోయేది ఒక కప్పు మాత్రమే. అయినా సలహాదారు ఎలా ఉండాలన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే.

నాగండ్ల గురువు, గుంటూరు శిష్యుడు

మంచి సహాయకుడు ఎలా ఉంటాడో చూడాలంటే దూరం పోనవసరం లేదు. నాటి ప్రకాశం జిల్లాలో, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండు బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచాడు. తర్వాత హైదరాబాదులో అకాడమీ పెట్టి శిష్యులను తయారుచేశాడు. గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్ అక్కడ చేరిన తొలి రోజుల్లో డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ ఆడేవాడు. అతన్ని సింగిల్స్‌కు మళ్లించినవాడు గోపీచందే. ఆటలో 'ఎదుగుదలను పసిగట్టే నేర్పు' అని మార్కులు వేసేది ఇలాంటి కంటికే.

2017లో ఇండోనేషియా నుంచి ముల్యో హండోయో భారత సింగిల్స్ కోచ్‌గా వచ్చాడు. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన తౌఫిక్ హిదాయత్‌కు శిక్షణ ఇచ్చిన అనుభవం ఆయనది. పెద్ద గురువుగా గోపీచంద్ ఉండగానే మరొక అనుభవజ్ఞుడి సాయం అందింది. ఆ ఏడాదే శ్రీకాంత్ ఇండోనేషియా, ఆస్ట్రేలియా, డెన్మార్క్, ఫ్రాన్స్‌లలో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. రాకెట్ పట్టి చెమటోడ్చినవాడు శ్రీకాంతే. వెనుక నిలిచినవారి కృషి కూడా ఆ గెలుపులో ఉంది.

తుది మాట మేనేజరుదే

సహాయకుడు ఎంత తెలిసినవాడైనా నిర్ణయం మేనేజరుదే కావాలి. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌గా ఉన్న రోజులవి. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో డిఫెండరు జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. కంప్యూటరు సహాయకుడైతే 'దెబ్బ తగిలింది, పక్కన పెట్టండి' అని ఊరుకునేవాడు. రహీమ్ అతన్ని ముందు వరుసలో ఆడించాడు. ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. ఆ రెండు గోల్సులో ఒకటి జర్నైల్ సింగ్‌దే.

కనుక ఆట తయారుచేసేవారు సహాయకుల చేత హుకుములు చెప్పించనక్కరలేదు. నాలుగు పనులు నేర్పితే చాలు. సలహాతో పాటు కారణం చెప్పాలి. తన మాట మీద తనకు ఎంత నమ్మకముందో చెప్పాలి. మునుపటి సలహా ఫలించిందో, బెడిసిందో గుర్తుపెట్టుకోవాలి. తనకు తెలియని విషయంలో తెలిసినవాడిని చూపించాలి.

'ఇవాళ యార్డులో ధర లేదు, సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టు' అని కమీషన్ ఏజెంటు అన్నప్పుడు గుంటూరు మిరప రైతు ఊరికే తలూపడు. ఎందుకు, ఎన్నాళ్లు, అద్దె ఎంత, పోయినసారి ఇలాగే పెడితే ఏమైంది అని అడుగుతాడు. రాత్రి ఫోనులో జట్టును నడిపే ఆ రైతు కొడుకు తన అసిస్టెంటును అడగవలసిన ప్రశ్నలు కూడా అవే. వాటికి జవాబు చెప్పగలిగిన నాడు ఆ బొమ్మ సహాయకుడు నిజంగా చేతికి అందివస్తాడు.