ఆపదకు తులం బంగారం

2022 జూలైలో గోదావరి వరద మంచిర్యాల జిల్లాలో చెన్నూరు వైపు పత్తి చేలను ముంచింది. అటువంటి ఏడు మళ్లీ విత్తనానికి ఆసరా ఇంట్లోని తులం బంగారమే. 1991లో డాలర్లు కరువైనప్పుడు మన దేశమే సుమారు 47 టన్నులు కుదువ పెట్టి గట్టెక్కింది.

అయితే ఎక్కడ పెడుతున్నామన్నదే ముఖ్యం. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36. ఇక నగ చేతికి రాదు.

ముందు బ్యాంకుకు పోవాలి. 2 లక్షల వరకు పంట రుణానికి 2025 జనవరి నుంచి తాకట్టు అక్కర్లేదు. అది చాలకుంటేనే నగ తీయాలి. ఎదుటే తూకం వేయించి, రసీదుపై బరువు రాయించుకోవాలి. రాళ్ల బరువుకు అప్పు రాదు. కొత్తగా కొనేవారు హాల్‌మార్కు చూసుకోవాలి.

పంట పైసలు రాగానే, రైతన్నా, మొదట నగ విడిపించుకో. మరో కష్టకాలానికి అదే దిక్కు.