హెచ్.ఐ.వి.కి తలుపు లేకుండా చేస్తే?

పోయిన నెల మా వాడలో ఒక చెల్లెమ్మ ఫోన్‌లో వీడియో చూపించింది. "అన్నా, జీన్లు కత్తిరించి హెచ్.ఐ.వి. పోగొడుతున్నారంట. మా ఆయన మాత్రలు ఇంక మానేయొచ్చా?" అని గొంతు తగ్గించి అడిగింది. మానొద్దమ్మా అన్నాను. ఎందుకో నిలబడి చెప్పే మాట కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ఈ వైరస్ మన తెల్ల రక్తకణాల్లోకి దూరుతుంది. ఊరికే దూరలేదు. కణం పైన రిసెప్టర్లు ఉంటాయి, ఇంటికి తలుపులున్నట్టు. దీనికి రెండు కావాలి: మొదటిది సీడీ4, రెండోది ఎక్కువగా సీసీఆర్5. ఉత్తర ఐరోపా మూలాలవాళ్ళలో ఇంచుమించు నూటికి ఒకరికి ఈ రెండో తలుపు పుట్టుకతోనే ఉండదు. ఆ జీన్‌లో 32 అక్షరాలు ఎగిరిపోయి ఉంటాయి. అలాంటి దాత మూలకణాలను 2007లో బెర్లిన్‌లో టిమోతీ రే బ్రౌన్‌కు ఎక్కించారు. ఎక్కించింది రక్త క్యాన్సర్ కోసం, కానీ హెచ్.ఐ.వి. కూడా పోయింది. 2020లో ఆయన చనిపోయింది తిరగబెట్టిన క్యాన్సర్‌తోనే.

అలాంటి దాత అందరికీ దొరకడు. పైగా ఆ వైద్యం ప్రాణాల మీదికి తేగలదు. మరి మన కణాల్లోనే ఆ జీన్‌ని చెడగొడితే?

మగ్గం మీద పోగు తెగితే ముడి వేస్తాం కదా. జీన్‌ని సరిగ్గా ఒక చోట కత్తిరిస్తే కణం కూడా గబగబా అతికేస్తుంది. ఆ తొందరలో కొన్ని అక్షరాలు పోతాయి, లేదా కొత్తవి దూరతాయి. ఇక ఆ జీన్ పనిచేయదు, తలుపు తయారుకాదు. మన దగ్గర అయితే మేస్త్రీ తిట్టే ముడి. వాళ్ళకు కావలసింది అదే! కత్తెరలు రెండు మూడు రకాలున్నాయి. క్రిస్పర్ అనేదానికి 2020లో నోబెల్ కూడా వచ్చింది.

2014లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు జింక్ ఫింగర్ అనే పాత కత్తెరతో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 12 మంది రోగుల కణాలు బయటికి తీసి, కత్తిరించి, పెంచి, తిరిగి వాళ్ళకే ఎక్కించారు. అయినా ఎక్కించినవాటిలో జీన్ మారినవి 11 నుంచి 28 శాతమే. తర్వాత ఆరుగురికి డాక్టర్ల కళ్ళెదుటే మాత్రలు ఆపి చూశారు. వైరస్ మళ్ళీ లేచింది. తలుపు పోయిన కణాలు మాత్రం మిగతావాటికన్నా మెల్లగా తగ్గాయి. ఒక్కరిలో లేచిన వైరస్ మళ్ళీ దొరకనంతగా పడిపోయింది. చూస్తే, ఆయనకు ఆ జీన్ రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే చెడి ఉంది.

ఇంకో చిక్కు. కొన్ని రకాల హెచ్.ఐ.వి. సీఎక్స్‌సీఆర్4 అనే వేరే తలుపులోంచి వస్తుంది. సీసీఆర్5 మనకు దండగ కూడా కాదు. అది లేనివాళ్ళకు వెస్ట్ నైల్ వైరస్ సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ.

చైనాలో హె జియాన్‌కుయ్ 2018లో పిండాల్లోనే ఈ జీన్ కత్తిరించి కవల ఆడపిల్లలు పుట్టారని ప్రకటించాడు. కోర్టు మూడేళ్ళ జైలు వేసింది. రోగమే లేని పసివాళ్ళ మీద ప్రయోగమేంటో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

చెల్లెమ్మకు చివర చెప్పింది ఇదే: సర్కారు ఏఆర్‌టీ కేంద్రంలో మాత్రలు ఉచితం. రోజూ తప్పకుండా వేసుకుంటే వైరస్ పరీక్షలో కనబడనంతగా దిగుతుంది, అలా దిగి నిలిచినంతకాలం భార్యాభర్తల కలయికలో అంటదు. మానేస్తే మళ్ళీ లేస్తుంది. "ఆయనకు కేంద్రానికి పోవాలంటే సగం దినం కూలి పోతది అన్నా" అంది. ఈసారి ఆయన మగ్గాలు చూసుకోవడానికి పక్కింటి తమ్ముణ్ణి అడిగాం. సరేనన్నాడు, ఎందుకని అడగలేదు.