గొలుసు గొడవ పెడుతోందా?

బైక్ చైన్ కొనేటప్పుడు ఏం చూడాలి? మెకానిక్‌ని ఏం అడగాలి?

అడిక్‌మెట్ వంతెన ఎక్కుతున్నారు. సెకండ్ గేర్‌లో బండి ముందుకు లాగాల్సింది పోయి 'కటక్' మంది. క్లచ్ జారిందేమో అనుకుంటాం. కాదు, అరిగిన పన్ను మీంచి చైన్ జారి పక్క పన్ను మీద పడింది! నల్లకుంట నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కీ, అటునుంచి తార్నాకకీ రోజూ తిరిగేవాళ్లకు ఈ శబ్దం కొత్తేం కాదు. 'ఒకటో తారీఖు రానీ, చూద్దాం' అని వాయిదా వేస్తారు. ఈలోగా వెనక సీట్లో ఇంటావిడో, బడికెళ్లే పిల్లాడో కూర్చుంటూనే ఉంటారు.

చైన్ తెగి బండి ఊరికే ఆగిపోతే అదృష్టమే. తెగిన కొస ముందు స్ప్రాకెట్ దగ్గర ముద్దగా ఇరుక్కుంటే వెనక చక్రం బిగుసుకుపోతుంది. వెనకాల ఆర్టీసీ బస్సు ఉంటే... చెప్పక్కర్లేదు.

చైన్ సాగింది అంటాం గానీ ఇనుము రబ్బరులా సాగదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపొందించిన బుష్ రోలర్ చైన్ పద్ధతే ఇప్పటికీ మన బండ్లలో తిరుగుతోంది. వంద, నూట ఇరవై లింకులు. ప్రతిచోటా ఒక పిన్ను, దాని చుట్టూ బుష్, దానిపైన రోలర్. దుమ్మూ బురదా చేరి పిన్నూ బుష్షూ ఒరుసుకుంటాయి. ఒక్కోచోట వెంట్రుకవాసి అరిగినా అన్నీ కలిసి చైన్‌ను పొడుగు చేస్తాయి. స్ప్రాకెట్ పళ్ల మధ్య దూరం మాత్రం మొదట్లో ఉన్నంతే ఉంటుంది. రెండింటికీ పొత్తు కుదరక పళ్లు వంకర తిరుగుతాయి. వానాకాలంలో నాలా పొంగి నల్లకుంట బస్తీల్లో నీళ్లు నిలిచిన రోజుల్లో ఈ అరుగుదల మరీ ఎక్కువ.

మార్చాలో వద్దో తేల్చుకోవడానికి ఇంట్లో టేపు చాలు. మన 100, 125, 150 సీసీ బండ్లలో ఎక్కువగా ఉండేది 428 సైజు చైన్. కొత్తదైతే 20 లింకుల పొడవు 254 మిల్లీమీటర్లు. చైన్‌ను బిగువుగా ఉంచి ఒక పిన్ను మధ్య నుంచి ఇరవయ్యో లింకు అవతలి పిన్ను మధ్యకు కొలవండి. 259 వచ్చిందంటే దాని పని అయిపోయినట్టే. టేపు కూడా లేదంటారా? వెనక స్ప్రాకెట్ మీద, బండికి చివర్లో ఉండే చోట చైన్‌ను వేలితో వెనక్కి లాగండి. పన్ను సగం బయటపడితే ఆలోచించొద్దు.

'రెండు లింకులు తీసేద్దాం సార్, ఇంకో ఆర్నెల్లు లాగేస్తుంది' అనే సలహా షెడ్డుల్లో వినిపిస్తూనే ఉంటుంది. వద్దని చెప్పండి. లింకు తీసేస్తే పొడవు తగ్గుతుందే తప్ప మిగిలిన లింకుల అరుగుదల ఎక్కడికీ పోదు. 'చైన్ ఒక్కటే వేసేద్దాం' అనే మాటా అలాంటిదే. వంకర పళ్ల మీద కొత్త చైన్ వేస్తే దాన్నీ త్వరగానే తినేస్తాయి. అందుకే చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి. ముందుది 14 పళ్లు, వెనకది 42 అనుకోండి. వెనక చక్రం ఒక్కసారి తిరిగేలోగా ముందుది మూడుసార్లు తిరుగుతుంది. ఆ చిన్నదానికే ముందు చావు! దాన్ని మార్చకుండా వదిలేస్తే ఖర్చు వృథా.

నంబరు చూసి కొనండి

దుకాణంలో బండి పేరొక్కటే చెబితే చాలదు. ఒకే పేరుతో వచ్చిన మోడళ్లలో పళ్ల లెక్క మారొచ్చు. తయారైన సంవత్సరమూ చెప్పండి. 428లో మొదటి అంకె పిన్నుల మధ్య దూరం. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో నాలుగు, అంటే అరంగుళం. పెద్ద బండ్లకొచ్చే 520లో అది ఐదు భాగాలు. ఒకదాని చైన్ ఇంకోదాని స్ప్రాకెట్‌కు పట్టదు.

కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ల రోలాన్, చెన్నై టీఐ వాళ్ల డైమండ్ మన బజార్లో పాత పేర్లు. అది కాకపోతే బండి కంపెనీ సొంత ప్యాకింగ్ తీసుకోండి. రాణీగంజ్‌లో కొన్నా, వీధి చివర కొన్నా బిల్లు అడగండి. లింకు పక్కరేకు మీద సైజు, కంపెనీ గుర్తు అచ్చై ఉన్నాయో లేదో చూడండి. బంగారు రంగు చూసి మురిసిపోవద్దు. అది పైపూతే. మన్నిక లోపలి పిన్నూ బుష్షుల్లో ఉంటుంది. ఓ-రింగ్ చైన్‌లో గ్రీజు లోపలే ఉండిపోతుంది కాబట్టి ఎక్కువకాలం వస్తుంది. కాకపోతే వెడల్పు కాస్త ఎక్కువ. చైన్ కవర్ ఇరుకుగా ఉన్న బండిలో ఒరుసుకుంటుంది.

కాలేజీ కుర్రాళ్లకు ఇంకో సరదా ఉంది. ముందు స్ప్రాకెట్‌లో ఒక పన్ను తగ్గించడం! 14కు బదులు 13 వేస్తే పికప్ పెరిగే మాట నిజమే. అదే వేగానికి ఇంజిన్ దాదాపు 8 శాతం ఎక్కువ తిరగాలి. పెట్రోలు డబ్బులిచ్చేది నాన్నే కదా!

బిగించేటప్పుడు పక్కనే ఉండండి

పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టి పళ్లు లెక్కపెట్టించండి. చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ వెళ్లే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే ఊడి పడే ప్రమాదముంది. వెనక హబ్‌లోని రబ్బర్లు నలిగితే గేరు మార్చినప్పుడల్లా కుదుపు వస్తుంది. చక్రం ఎలాగూ విప్పుతారు కాబట్టి వాటినీ చూడమనండి. చైన్ మరీ బిగిస్తే బేరింగులు పోతాయి. ఎంత వదులుండాలో మాన్యువల్‌లో ఉంటుంది. చక్రాన్ని తిప్పుతూ అన్నిటికన్నా బిగువైన చోట చూసి సరిచేయాలి.

ఆ తర్వాత 500 కిలోమీటర్లకోసారి కిరోసిన్‌తో తుడిచి 90 నంబరు గేర్ ఆయిల్ వేస్తే చాలు. ఇంజిన్‌లోంచి తీసిన నల్లనూనె వద్దు, అందులో ఇనుప రజనుంటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, గేరేసి, గుడ్డతో చైన్ తుడవడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. గుడ్డతోపాటు వేళ్లూ స్ప్రాకెట్‌లోకి పోతాయి. తాళం తీసి, సెంటర్ స్టాండ్ వేసి, చేత్తో తిప్పుకోండి.

షెడ్డు నుంచి బయల్దేరే ముందు చైన్ కవరూ చీర గార్డూ మళ్లీ బిగించారా అని చూడండి. 'చప్పుడు చేస్తోంది సార్' అంటూ వాటిని మూల పడేసే షెడ్డులూ ఉన్నాయి. వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. బోల్టులు పోయాయంటే కొత్తవి వేయించుకునే రండి.