డబ్బాలో బలం ఎంత?

బాలలారా! ఈ రోజుల్లో దుకాణాల్లో తళతళలాడే డబ్బాలలో "ఎనర్జీ డ్రింకు" అనే పానీయం అమ్ముతున్నారు. అది తాగితే ఎక్కడలేని బలమూ వస్తుందని ప్రకటనలు చెబుతాయి. ఇందులో నిజమెంతో తెలియాలంటే ప్రకటన చూస్తే చాలదు. డబ్బా మీది చిన్న అక్షరాలు కూడా చదవాలి.

రెడ్ బుల్ అనే పానీయాన్నే తీసుకుందాం. ఇది 1987లో ఆస్ట్రియా దేశంలో అమ్మకానికి వచ్చింది. దీని 250 మిల్లీలీటర్ల డబ్బాలో సుమారు 27 గ్రాముల చక్కెర, 80 మిల్లీగ్రాముల కెఫీన్, టారిన్ అనే పదార్థం, కొన్ని విటమినులు ఉంటాయి. వీటిలో శరీరానికి శక్తినిచ్చేది ముఖ్యంగా చక్కెరే. గ్రాముకు 4 కేలరీల చొప్పున 27ను 4తో హెచ్చించండి: 108 వచ్చింది గదా! ఒక అరటిపండు తిన్నా దాదాపు అంత శక్తీ వస్తుంది.

మరి తాగగానే వచ్చే హుషారు ఎక్కడిది? అది కెఫీన్ చేసే పని. మనం మేలుకొని ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. అది మెదడు కణాల మీద తనకోసం ఉన్న చోట్లకు చేరి, "అలిసిపోయావు, ఇక పడుకో" అని కబురు చెబుతుంది. కెఫీన్ వెళ్లి ఆ చోట్లను ఆక్రమిస్తుంది. కబురు అందదు, అలసట మాత్రం ఎక్కడికీ పోదు. కెఫీన్ తొలగాక అది తిరిగి మీద పడుతుంది. అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టన్నమాట!

పరీక్షల రోజుల్లో ఈ అప్పు మరీ చేటు. పెద్దవాళ్ల ఒంట్లోనే కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 10 గంటలకు ఒక డబ్బా తాగితే, తెల్లవారుజామున 3 గంటలకు ఇంకా 40 మిల్లీగ్రాములు మిగిలి ఉంటుంది. ఇక నిద్ర సరిగా పట్టేదెలా? పగలు చదివిన పాఠం మెదడులో కుదురుకోవడానికి నిద్ర ఎంతో అవసరం.

ఈ పానీయం "రెక్కలిస్తుంది" అన్న ప్రకటన అమెరికాలో కోర్టుకెక్కింది. రెక్కలు మొలవలేదని కాదు. మామూలు కాఫీ కన్న ఇది ఎక్కువ మేలు చేస్తుందనడానికి ఆధారం లేదని కొందరు దావా వేశారు. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు గాని, 2014లో 1 కోటి 30 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీపడింది.

ఇటువంటి పానీయాలను 18 ఏళ్లలోపు వారికి అమ్మరాదని లిథువేనియా 2014లోనూ, పోలండ్ 2024లోనూ కట్టడి చేశాయి. మన దేశంలో అమ్మే డబ్బాల మీద కూడా "పిల్లలకు తగదు" అనే హెచ్చరిక ఉంటుంది. కాని అది బొమ్మంత పెద్దదిగా కనిపించదు!

తల్లిదండ్రులకొక మనవి: అలిసిన పిల్లవాడికి కావలసింది అన్నమూ, నీళ్లూ, నిద్రా.

పిల్లలూ! ఈసారి దుకాణానికి వెళ్లినప్పుడు డబ్బా కొనకండి, తిప్పి చదవండి. చక్కెర ఎన్ని గ్రాములో, కెఫీన్ ఎంతో రాసుకు వచ్చి, లెక్క కట్టి మీ ఇంట్లో అందరికీ చూపించండి.