ఖడ్గమృగాన్ని కాపాడిన ఊరి అడవి

ఈ పాఠంలో మనం నేపాల్‌లోని బాగ్‌మారా సామాజిక అడవిని గురించి తెలుసుకుందాం. ఊరి ప్రజలే ఒక అడవిని ఎలా నడుపుతున్నారు? దానివల్ల ఎవరికి మేలు కలిగింది? ఇంకా తీరని కష్టాలేమిటి? ఈ విషయాలను గమనిద్దాం.

1. సమస్య ఎలా మొదలైంది?

నేపాల్ దక్షిణ భాగంలో, మన బీహారు సరిహద్దుకు దగ్గరగా చిత్వాన్ లోయ ఉంది. ఒకప్పుడు అక్కడ మలేరియా ఎక్కువ. థారు తెగవారు తప్ప ఇతరులు అక్కడ నివసించడానికి జంకేవారు. 1950ల తర్వాత మలేరియా అదుపులోకి వచ్చింది. కొండ ప్రాంతాల నుండి వేలాదిమంది వచ్చి, అడవి కొట్టి పొలాలు చేసుకున్నారు. వేట కూడా పెరిగింది. వందల సంఖ్యలో ఉన్న ఒంటికొమ్ము ఖడ్గమృగాలు 1960ల చివరికి సుమారు వంద మాత్రమే మిగిలాయి.

1973లో ప్రభుత్వం చిత్వాన్‌ను జాతీయ పార్కుగా ప్రకటించింది. తర్వాత సైన్యం కాపలా ఉంది. జంతువులు పెరిగాయి. కాని ప్రజలకు ఇబ్బంది వచ్చింది. ఏడాదిలో కొద్దిరోజులు గడ్డి కోసుకోవడం తప్ప, వంటచెరకుకూ పశువుల మేతకూ అడవిలోకి వెళ్ళకూడదన్నారు. రాత్రిపూట ఖడ్గమృగాలు వచ్చి వరి మేసేవి. పంట పోగొట్టుకున్న రైతు ఆ జంతువును ఎందుకు కాపాడాలి? అసలు సమస్య ఇదే.

2. బాగ్‌మారాలో ఏం చేశారు?

పార్కు అంచున సౌరాహా అనే ఊరి పక్కన బాగ్‌మారా ఉంది. 'బాగ్' అంటే పులి, 'మారా' అంటే చంపిన. మేత వల్ల, కట్టెలు కొట్టడం వల్ల ఆ నేల బోడిగా మారింది. 1989లో ఒక ప్రకృతి పరిరక్షణ ట్రస్టు సాయంతో ప్రజలు అక్కడ మొక్కలు నాటి, పశువులను రానీయకుండా కాపాడారు. గడ్డి, చెట్లు పెరిగాయి. ఖడ్గమృగాలు తిరిగి వచ్చాయి. 1995లో ఆ అడవిని ప్రభుత్వం ప్రజాసంఘానికి అప్పగించింది.

సంఘానికి ప్రజలు ఎన్నుకున్న కమిటీ ఉంటుంది. గడ్డి, కట్టెలు ఎప్పుడు తీసుకోవాలో అదే నిర్ణయిస్తుంది. సందర్శకులు టిక్కెట్టు కొని వస్తారు. ఏనుగు మీదో, కాలినడకనో తిరుగుతారు. మంచె మీద నుండి జంతువులను చూస్తారు. ఆ ఆదాయాన్ని అడవి రక్షణకూ ఊరి పనులకూ వాడతారు.

1993లో సవరించిన చట్టం ప్రకారం, జాతీయ పార్కు ఆదాయంలో 30 నుండి 50 శాతం వరకు చుట్టుపక్కల గ్రామాల అభివృద్ధికి ఖర్చు చేయవచ్చు. 1996లో పార్కు చుట్టూ బఫర్ జోన్ ఏర్పడింది.

3. ఫలితాలు, లోపాలు

నేపాల్ అంతర్యుద్ధ కాలంలో కాపలా సడలింది. చిత్వాన్‌లో 2000లో 544 ఖడ్గమృగాలు ఉండగా, 2005 నాటికి 372 మిగిలాయి. తర్వాత సైన్యం, అధికారులు, గ్రామాల వారు కలిసి పనిచేయడంతో 2021 లెక్కలో 694కు చేరాయి.

అయితే పర్యాటకుల డబ్బు అందరికీ సమానంగా అందదు. హోటళ్ళు, గైడ్లు ఉన్న సౌరాహా వంటి చోట్లకే ఎక్కువ చేరుతుంది. దూరపు గ్రామాల పేదలకు పంటనష్టమే ఎక్కువ. ఖడ్గమృగాల దాడిలో మనుషులు చనిపోవడం కూడా ఆగలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో మొదలైన వన సంరక్షణ సమితులు కూడా ఇటువంటి ఆలోచనతోనే ఏర్పడ్డాయి.

గుర్తుంచుకోండి: అడవి వల్ల నష్టపోయేవారికి దాని లాభంలో వాటా, నిర్ణయాలలో మాట ఉన్నప్పుడే రక్షణ నిలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జాతీయ పార్కు ఏర్పడిన తర్వాత ప్రజలకు కలిగిన ఇబ్బందులేవి?
2. బాగ్‌మారా ఆదాయం ఎక్కడి నుండి వస్తుంది?
3. మీ ఊరి దగ్గర అడవి గాని చెరువు గాని ఉంటే, దాని లాభనష్టాలు ఎవరికి చేరుతున్నాయో రాయండి.