కొండ సంతకు కొత్త చూపు

తూర్పు కనుమల నడుమ ఉన్న అరకులోయలో సంతనాడు కొండదారులన్నీ ఒక్కచోటికే దిగివస్తాయి. పసుపు, చింతపండు, చీపుళ్ళు మూటలు గట్టి, కావళ్ళు భుజాన మోస్తూ కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు బారులు తీరి నడుస్తారు. ఒకని భుజాన గొడ్డలి ఉంటుంది. వేరొకని మొలలో కత్తి ఉంటుంది. వృద్ధురాలైన గదబ స్త్రీ మెడలో బరువైన లోహపు కంటె ఉండవచ్చును. ఇవి బ్రతుకుతెరువుకు కావలసిన పనిముట్లు, తరతరాల ఆభరణాలు. అట్టి జనప్రవాహంలో నిజంగా మారణాయుధం దాచినవాడొకడు కలసి నడిస్తే వానిని గుర్తించడం ఎట్లా? తక్కిన వేయిమందిని నిలవేయక, ఒంటిమీద చేయివేసి తడమక గుర్తించడం సాధ్యమా?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2018 సెప్టెంబరు 23వ తేదీన డుంబ్రిగూడ మండలం లివిటిపుట్టు వద్ద నాటి అరకు శాసనసభ్యుడు కిడారి సర్వేశ్వరరావు, మాజీ శాసనసభ్యుడు సివేరి సోమ మావోయిస్టుల కాల్పులలో మరణించినారు. ప్రజల మధ్య తిరిగేవారికి రక్షణ అవసరమనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు. అయితే అనుమానపు చూపు మన్యానికి కొత్తది కాదు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్లపై దాడిచేసి తుపాకులు కొనిపోయిన పిమ్మట, ఆ కొండలలోని సామాన్యుడు సైతం సర్కారు కంటికి అనుమానితుడే అయినాడు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన జిల్లా ఆ వీరుని పేరే ధరించినది. రక్షణను, గౌరవాన్ని కూడ నిలుపగల సాధనం ఈ నేలకు ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహించవచ్చును.

ఇప్పుడు విరివిగా వాడుకలో ఉన్న మెటల్ డిటెక్టరు ద్వారబంధం వంటిది. దానిలోని తీగచుట్టలు అయస్కాంత క్షేత్రాన్ని కల్పిస్తాయి. అందులోనికి లోహం ప్రవేశించగానే ఆ క్షేత్రం మారి గంట మ్రోగుతుంది. లోహమున్నదని అది చెప్పగలదు కాని, కంటెయో కత్తియో చెప్పలేదు. లోహం లేని పేలుడు పదార్థాన్ని అసలే పట్టలేదు. పైగా మనుష్యులు ఒక్కొక్కరుగా దానిగుండా రావలెను.

వస్తువు రూపాన్నే చూడవలెనంటే రేడియో తరంగాలను ఆశ్రయించవలసి ఉన్నది. ఆకాశవాణి మధ్యతరంగాల పొడవు వందల మీటర్లు. అంత పెద్ద అలకు చిన్న కత్తి ఆనదు. సెకనుకు 3,000 కోట్ల సార్లు కంపించే తరంగం పొడవు 10 మిల్లీమీటర్లే. అట్టి తరంగం పొడి వస్త్రంగుండా సులభంగా దూరిపోతుంది. నీరు నిండిన చర్మంమీద పడి చాలవరకు తిరిగివస్తుంది. లోహంమీద పడితే దాదాపు పూర్తిగా తిరిగివస్తుంది. తిరిగివచ్చిన తరంగాలను అనేక ఆంటెన్నాలు అందుకొనగా, కంప్యూటరు వాటిని పొందుపరచి బొమ్మ కట్టుతుంది. ఎక్స్ కిరణాలవలె ఇవి అణువులలోని ఎలక్ట్రానులను ఊడబెరికే శక్తి కలవి కావు.

ఈ విద్యకు తొలిపాఠాలు భారతదేశంలోనే వ్రాయబడినవి. 1894-96 సంవత్సరాలలో కలకత్తాలో జగదీశచంద్ర బోసు 5 మిల్లీమీటర్ల వరకు పొట్టివైన తరంగాలను పుట్టించి ప్రయోగాలు చేసినాడు. అవి గోడలను దాటి గంట మ్రోగించడం చూచి నాటి సభాసదులు విస్తుపోయినారు.

చిక్కు అంతా కదలికలో ఉన్నది. విమానాశ్రయాలలోని యంత్రం ముందు ప్రయాణికుడు చేతులెత్తి ఒకటి రెండు సెకన్లు కదలక నిలువవలెను. సంతకు పోయే మనిషి నిలువడు. సెకనుకు ఒక మీటరు చొప్పున నడిచేవాడు సెకనులో నూరవ వంతు కాలంలోనే 10 మిల్లీమీటర్లు, అనగా ఒక పూర్తి తరంగం పొడవు, జరిగిపోతాడు. అంతలో బొమ్మ చెదరిపోతుంది. కనుక అంతకన్న ఎంతో తక్కువ వ్యవధిలో చిత్రమంతా గ్రహించడమో, నడకను లెక్కగట్టి సవరించడమో జరగవలెను. శాస్త్రజ్ఞుల శ్రమ అంతా ఇక్కడనే.

వేరొక మార్గమున్నది. మానవదేహం తన వేడిమివల్ల తానే మిక్కిలి బలహీనమైన తరంగాలను సదా వెలువరిస్తుంది. దుస్తులలో దాచిన వస్తువు వాటికి అడ్డుపడి నల్లని మచ్చగా కనిపిస్తుంది. 2018 ఆగస్టులో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ మెట్రో రైల్వే ఇట్టి యంత్రాలను ప్రవేశపెట్టనున్నట్లు తెలిపినది. దాదాపు 9 మీటర్ల దూరంనుండి, ఎవరినీ ఆపకుండా, గంటకు 2,000 మందిని పరిశీలింపవచ్చునని అధికారులు ప్రకటించినారు.

చూడగలగడం ఒకటి, చూచే హక్కు వేరొకటి. బట్టల చాటున ఉన్న దేహాన్ని చూపిన ఎక్స్ కిరణాల యంత్రాలను 2013లో అమెరికా తన విమానాశ్రయాలనుండి తొలగించవలసి వచ్చినది. మిగిలిన యంత్రాలలో మనిషి బొమ్మకు బదులు అందరికీ ఒకే రేఖాచిత్రాన్ని చూపే ఏర్పాటు చేసినారు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని భారత సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఆ హక్కు ఢిల్లీ ప్రయాణికునికి ఎంతో, అరకు సంతకు వచ్చిన గిరిజన స్త్రీకీ అంతే.

యంత్రానికి పొరపాట్లూ కలవు. తలపాగాలను, ఒత్తైన జడలను అనుమానించి అమెరికాలో ఎందరినో అది నిలవేసినది. వానకు తడిసిన దుప్పటి ఈ తరంగాలను మ్రింగివేస్తుంది. కొండలలో వానలు మెండు. అన్నిటికన్న ముఖ్యం, తరంగం వస్తువు ఆకారాన్ని చూపగలదే గాని ఉద్దేశాన్ని చూపలేదు. గొడ్డలి బొమ్మ ఎంత స్పష్టంగా పడినా, అది కట్టెలు కొట్టడానికి తెచ్చినదా, మరొక పనికి తెచ్చినదా అన్నది ఆ బొమ్మలో ఉండదు. దానిని తెలిసికొనవలసినవాడు ఆ కొండల భాషను, అలవాట్లను ఎరిగిన మనిషే. అట్టి మనిషి చేతిలో ఉన్నప్పుడు ఈ యంత్రం వేయిమందిని తడమవలసిన అగత్యాన్ని తప్పిస్తుంది. లేనినాడు పాత అనుమానానికే పదునైన కన్ను అమర్చినట్లవుతుంది. కావున సంత ముంగిట యంత్రాన్ని నిలపాలని తలచేవారు ముందుగా దానివెనుక ఎవరిని నిలపాలో ఆలోచించుట మంచిది.