జీతం ఎంత కావాలి?

పీజీ అయ్యాక హైదరాబాద్‌లో నా మొదటి ఇంటర్వ్యూ. అన్నింటికీ బాగానే జవాబు చెప్పాను. చివరికి "జీతం ఎంత ఆశిస్తున్నారు?" అన్నారు. "మీ ఇష్టం సార్" అన్నాను. వాళ్ల ఇష్టప్రకారమే ఇచ్చారు. నాతో చేరిన మిత్రుడు అడిగి రెండు వేలు ఎక్కువ తెచ్చుకున్నాడు.

మహబూబాబాద్ దగ్గర మా ఊళ్లో మిరపకాయలు ఏరబోయే మా అమ్మ కూలి తేల్చుకోకుండా చేన్లో కాలు పెట్టదు. ఇంట్లో మొదటి డిగ్రీ చదివిన నేను నోరు మెదపలేదు!

తమ్ముళ్లారా, సర్కారు కొలువుకు జీతం నోటిఫికేషన్‌లోనే ఉంటుంది. ప్రైవేటులో మనమే చెప్పాలి. ముందు లెక్క తెలుసుకోండి. కంపెనీ చెప్పే సీటీసీ అంతా చేతికి రాదు. ఏడాదికి 2,40,000 అంటే నెలకు 20,000. అందులో మూలవేతనం 10,000 అనుకుంటే, పీఎఫ్‌కు కంపెనీ వాటా 12 శాతం, మన వాటా 12 శాతం కలిపి 2,400 పోతుంది. వృత్తి పన్ను 150. ఇవి పోగా మిగిలేది 17,450. పీఎఫ్ మన పేరు మీదే జమవుతుంది గానీ, నెలనెలా గది అద్దెకు, మెస్సుకు, ఇంటికి పంపడానికి అక్కరకు రాదు.

జనగామ, భూపాలపల్లి నుండి వెళ్లి అదే పని చేస్తున్న మన హాస్టల్ అన్నలను రేటెంతో అడగండి. ఇంటర్వ్యూలో "ఈ పోస్టుకు మీరు ఎంత అనుకున్నారు సార్?" అని మర్యాదగా అడగండి. మీరే చెప్పమంటే "ఇంత నుండి ఇంత" అనండి. వాళ్లు చూసేది కింది అంకెనే కాబట్టి, దానితో బతకగలగాలి. పాత జీతం పెంచి చెప్పకండి, పే స్లిప్ అడుగుతారు.

అడగడం అత్యాశ కాదు. అది మన అమ్మలకు ఎప్పుడో తెలుసు.